గొంగడి కింద చూసిన వీడియో

కొత్త ల్యాప్‌టాప్ కొనాలని తిరిగిన ఆ వారమంతా నా జేబులో ఒక పెన్‌డ్రైవ్ ఉండేది. అందులో ఒక్కటే వీడియో. నలభై సెకన్లది. దుకాణంవాడు ఏ ల్యాప్‌టాప్ చూపించినా ముందు దాన్ని ఎక్కించి ఆడించేవాణ్ని. మా అక్క భర్త, మా బావ, బైకు మీద మట్టి దిబ్బ ఎక్కుతాడు, గాల్లోకి లేస్తాడు, కిందికి దిగి మలుపు తిరుగుతాడు. ఆ తరువాతి రౌండులోనే ఆయన చచ్చిపోయాడు. ఇప్పటికి రెండేళ్లయింది.

ఆ రోజు నేను ఏం చేశానో అక్కకు తెలియదు. చెప్పే ధైర్యం నాకు లేదు. చెప్పకుండా ఆమె ముఖం చూడటమూ నా వల్ల కావడం లేదు. ల్యాప్‌టాప్ కొనడానికి తనూ వస్తానని అక్క అన్నప్పుడు వద్దనడానికి నాకు సాకు దొరకలేదు.

గద్వాలలో నాది పెళ్లి వీడియోల స్టూడియో. బావకు ధరూర్ వైపు రోడ్డు మీద బైకుల మెకానిక్ షెడ్డు ఉండేది. పాత బండ్లను విప్పి, ఏవేవో బిగించి రేసు బండ్లుగా మార్చేవాడు. వనపర్తి అవతల బీడు భూముల్లో మట్టి రేసులు పెడితే ఇద్దరం వెళ్లేవాళ్లం. ఆయన తోలేవాడు, నేను వీడియో తీసేవాణ్ని. బైకుకు బిగించిన చిన్న డబ్బా ఒకటి వేగాన్నీ బ్రేకునూ రాసుకునేది. రౌండు అయిన వెంటనే ఆ లెక్కనూ నా వీడియోనూ ల్యాప్‌టాప్‌లోకి దించి, పక్కపక్కన పెట్టి, ఎక్కడ బ్రేకు ఆలస్యమైందో, ఎక్కడ బండి అదిరిందో నేను చెప్పాలి. తలంబ్రాలు తీసేవాడికి బండి సంగతి ఏం తెలుసని మొదట నవ్వినవాళ్లే తరువాత నా చుట్టూ మూగారు. నేను కాస్త పొంగిపోయిన మాట నిజం. నోరు తెరిచి 'తెలియదు' అనడం ఆ రోజుల్లోనే మానేశాను.

మా పాలమూరు ఎండ సంగతి చెప్పక్కర్లేదు. బీడు భూమిలో నీడ అనేదే ఉండదు. నా పాత ల్యాప్‌టాప్ తెర తళతళా మెరిసేది. ఎండలో పెడితే అందులో నా మొహం తప్ప ఇంకేమీ కనబడేది కాదు. అందుకని గొర్లకాపరి దగ్గర కొన్న నల్ల గొంగడిని తల మీంచి ల్యాప్‌టాప్ మీదికి లాక్కుని కూర్చునేవాణ్ని. ఎండకూ వానకూ చలికీ గొంగడి కప్పుకోవడమే ఎరిగిన మనిషిని, అంతకంటే వేరే ఉపాయం నాకు తోచలేదు. లోపల చిమ్మచీకటి, తెర మీద బొమ్మ స్పష్టం. బయట జనం నవ్వినా లెక్కచేసేవాణ్ని కాదు.

గొంగడి కింద మనిషికి ఉడికిపోతుంది, మిషనుకూ ఉడికిపోతుంది. ఆ ముక్క నాకు తట్టలేదు. వేడెక్కిన ల్యాప్‌టాప్ మాడిపోకుండా తనంతట తాను పని తగ్గించుకుంటుంది. అలాగని ఆగిపోదు. ఆగిపోతే తెలిసిపోయేది, బావ బతికేవాడు. సెకనుకు నూట ఇరవై బొమ్మలున్న వీడియోలో కొన్నిటిని మింగేసి మిగతావి వరసగా చూపిస్తుంది. చూసేవాడికి అంతా నున్నగా సాగిపోయినట్టే ఉంటుంది.

ఆ మధ్యాహ్నం బావ గొంగడి ఎత్తి తల లోపలికి పెట్టాడు. చెమట, పెట్రోలు కలిసిన వాసన.

"ఎట్లున్నది బామ్మర్ది? ముందు టైరు జర గుంజినట్టయితుంది."

నేను ఆ నలభై సెకన్లనూ రెండుసార్లు చూశాను. బద్ధకించి చెప్పిన మాట కాదు, చూసే చెప్పాను. అదే నన్ను ఇప్పటికీ వదలదు.

"ఏం లేదు బావా, మంచిగ దిగినవ్. నీది ఉత్త అనుమానం," అన్నాను.

ఆయన నా నెత్తి మీద ఒకటి కొట్టి, హెల్మెట్ పెట్టుకుని వెళ్లిపోయాడు. అదే దిబ్బ దిగుతుంటే హ్యాండిల్ అడ్డంగా తిరిగింది. దవాఖానకు తీసుకుపోయేలోపే అయిపోయింది.

పెద్దకర్మ అయిన మర్నాడు స్టూడియోలోని పెద్ద కంప్యూటర్‌లో ఆ వీడియో పెట్టాను. బండి నేలకు తగిలిన వెంటనే ముందు చక్రం కుడికీ ఎడమకూ రెండుసార్లు వణికింది. చిన్నపిల్లలకైనా కనబడేంత వణుకు. హ్యాండిల్ కింద ఉండే కోన్‌సెట్టు వదులైతే అలా వణుకుతుందని బావే నాకు నేర్పాడు. కంప్యూటర్ ఆపేసి, షట్టర్ దించి, ఆ పగలంతా లోపలే కూర్చున్నాను.

అప్పటి నుంచి ఆ వణుకు నా వెంటే ఉంది. పెళ్లికూతురు తల వంచిన చోట వీడియో ఒక్క క్షణం తడబడితే చాలు, అక్కడే ఆపేస్తాను. ఆ బొమ్మలన్నీ ఒక్కొక్కటిగా లెక్కపెట్టి చూస్తే గాని ముందుకు పోలేను. వీడియోలో ముందు మూడు సెకన్లు బావ కెమెరా వైపు తిరిగి మాట్లాడతాడు. అందుకని సౌండు ఎప్పుడూ తీసేసి చూస్తాను. చెరిపేద్దామని ఎన్నిసార్లు అనుకున్నానో. చెరపకపోగా, పోతుందేమోనన్న భయంతో ఇంకో రెండు చోట్ల దాచిపెట్టాను. దెయ్యాలు లేవని వాదించే మనిషిని నేను. ఇప్పుడు ఎవరైనా ఉన్నాయంటే నోరు మూసుకుంటున్నాను.

బావ పోయాక షెడ్డును అక్కే నడుపుతోంది. పానా పట్టడం కూడా నేర్చుకుంది. ఆమె మరిది, అంటే బావ తమ్ముడు, బండ్లు బాగుచేస్తాడు. వచ్చే ఆదివారం వనపర్తిలో రేసు తోలతానని పట్టుబట్టాడు. అక్క వద్దని చెప్పి చూసింది, అతను వినలేదు. "సరే, తోలనియ్యి. కని మంచి ల్యాప్‌టాప్ కొందాం తమ్మీ, పాతది పనికిరాదు గద," అంది. ఎందుకు పనికిరాదో ఆమెకు తెలియకుండానే అంది.

ఎండలో తెర కనబడాలి. వేడెక్కినా నెమ్మదించకూడదు. సాయంత్రం దాకా చార్జింగు ఆగాలి. ఆ రెండు వణుకులనూ ఒక్క బొమ్మ కూడా మింగకుండా నాకు చూపించాలి. ఈ నాలుగో సంగతి మాత్రం ఏ దుకాణంలోనూ పైకి అనలేదు. అక్క ఆటో దిగి వచ్చేలోపో, పక్కన బండి సామాను చూడటానికి వెళ్లినప్పుడో గబగబా ఆడించి చూసుకున్నాను.

గద్వాలలో ఒకాయన కీబోర్డు కింద ఏడు రంగుల లైట్లు వెలిగే ల్యాప్‌టాప్ చూపించి మురిసిపోయాడు. "పెండ్లి బరాత్‌ల పెట్టుకోనీకి మంచిగుంటది," అన్నాను. దాని తెర కూడా అద్దంలా మెరిసేదే. వనపర్తిలో చూసినది పలచగా, అందంగా ఉంది. అయిదు నిమిషాలకే దాని అడుగు పెనంలా కాలింది. తరువాత నాగర్‌కర్నూల్ వెళ్లాం. బస్టాండు దగ్గరి దుకాణంలో ఒక మూల బూడిద రంగు ల్యాప్‌టాప్ ఉంది. బరువు, మందం, అందమన్నదే లేదు. తెర మాత్రం మెరవదు. వెనకవైపు వేడి పోవడానికి పెద్ద పెద్ద సందులున్నాయి.

"బయట ఎండల అర్ధగంట పెట్టి చూస్త," అన్నాను.

దుకాణం పిల్లగాడు పరేషాన్ అయ్యాడు. "అన్నా, ఎండకు ఖరాబైతే ఎవలది జిమ్మేదారి?"

"చల్లగ బీరువాల పెట్టుకోనీకి కొంటలేం తమ్మీ," అంది అక్క. అతను ఇంకేమీ అనలేక స్టూలు తెచ్చి మెట్ల కింద ఎండలో వేశాడు.

ఇంకేదో పెద్ద వీడియో ఆడిస్తూ అరగంట కాచుకున్నాను. అక్కను చాయ్ తెమ్మని పంపి పెన్‌డ్రైవ్ పెట్టాను. కొత్త మిషను కదా, సౌండు నిండుగా ఉన్న సంగతి చూసుకోలేదు.

"పెట్టినవా బామ్మర్ది? జర మంచిగ తియ్యి."

నడి బజారులో బావ గొంతు. ఎక్కడ నొక్కితే ఆగుతుందో తెలియలేదు. వెనక్కి తిరిగితే అక్క రెండు చాయ్ కప్పులతో నిలబడి ఉంది. హోటలు అంత దగ్గరలో ఉందనుకోలేదు.

నేను మూత వేయబోయాను. "ఉండనియ్యి," అంది. దిబ్బ, గాలి, నేల, మలుపు. "మల్ల పెట్టు," అంది. మళ్లీ పెట్టాను. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. ముందుకు వంగి తెర మీద వేలు పెట్టింది.

"గిక్కడ చక్రం కొట్టుకుంటుంది. కోన్‌సెట్టు లూజున్నది గద? ఇది ఎప్పటిది?"

పాత వీడియో అని ఒక్క మాట అంటే సరిపోయేది. నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. గొంగడి సంగతి, ల్యాప్‌టాప్ వేడి సంగతి, బావ అడిగింది, నేను అన్నది, అన్నీ చెప్పేశాను. బస్సులు హారన్లు కొడుతుంటే మధ్యలో ఆగి ఆగి చెప్పాను. "నేనే చంపిన అక్కా," అన్నాను.

అక్క కప్పులు మెట్టు మీద పెట్టి నా పక్కన కూలబడింది.

"ఆ దినం పన్నెండింటికి నాకు ఫోన్ చేసిండు," అంది. "టైరు గుంజుతుంది, బండి ఆటోల ఏస్కొని ఇంటికొస్త అన్నడు. నేనే ఆపిన. మా తమ్ముడున్నడు గద, వాడు చూసి మంచిగున్నదంటే తోలు, లేకుంటే రా అన్న."

నేను ల్యాప్‌టాప్ మూత వేసి పెన్‌డ్రైవ్ పీకాను.

"రెండేండ్ల సంది చెప్తలేను. గిది తెలిస్తే నువ్వేమైతవో అని భయం నాకు."

ఆమె నా కోసం దాచింది, నేను ఆమె కోసం దాచాను అని తెలిసినందుకు బరువు దిగలేదు. ఇంకా పెరిగింది. ఇంటికి వచ్చేస్తానన్న మనిషిని నా మాట ఒక్కటే అక్కడ నిలబెట్టింది. అది అప్పటిదాకా నాకు తెలియదు.

అక్క లేచి కొంగుతో ముఖం తుడుచుకుంది. దుకాణం పిల్లగాణ్ని పిలిచి, ఇదే కట్టియ్యమంది. నా వైపు తిరిగి, "ఆదివారం నువ్వు చూసి సరే అన్నంకనే మా మరిదిని బండెక్కిస్త," అంది.

"వద్దక్కా. మల్ల నా మాట మీదనా?"

"మరి ఎవల మాట మీద పంపాలె రా?" అంది.