వెనక అద్దం కింద తునికాకు

ఇదొక మహాకావ్యం. ఇందులో సముద్రం దాటిన వీరుడున్నాడు, అతను వదిలివెళ్లిన రథముంది, ఎదురుచూసే తమ్ముడున్నాడు.

నిజానికి అంత లేదు. వీరుడు మా అన్న. దుబాయిలో ఏసీలు బిగిస్తాడు. రథం పాత కారు. తమ్ముడు నేనే.

ఆ కారు అద్దాలకు నల్ల ఫిల్మ్ అన్నే వేశాడు, ఎల్లారెడ్డిలో మా ఇంటి ముందు, అమ్మ బీడీల ఆకు కత్తిరించే కత్తెరతో. కత్తెరకు అంటుకున్న తునికాకు ముక్క ఒకటి వెనక అద్దానికీ ఫిల్మ్‌కీ మధ్య ఇరుక్కుంది. గోరంత ఉంటుంది. "ఉండనీరా, మనింటి గుర్తు," అన్నాడు. నెల తిరక్కుండా వెళ్లిపోయాడు. నాలుగేళ్లు ఆ ముక్కను స్టీరింగు పైనుండే చిన్న అద్దంలో చూసుకుంటూ బండి నడిపాను. వెనక సీట్లో ఎవరూ ఉండేవారు కాదు కాబట్టి బాగానే కనిపించేది.

పోయిన వేసవిలో ఫోన్ చేశాడు. "ఈ ఏడు గూడ రాను. కారు అమ్మెయ్యి."

భిక్నూర్ నుంచి ఒకాయన కొంటానన్నాడు, పొక్కులు లేచిన ఆ ఫిల్మ్ తీసేస్తేనే. కామారెడ్డిలో సీటు కవర్లు కుట్టే చాచా దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన అద్దానికి సబ్బునీళ్లు కొట్టి, నల్ల కవరు కప్పి, గంటసేపు ఎండలో ఉంచాడు.

"మూలకెళ్లి మెల్లగ గుంజు బేటా. జల్ది చేస్తే ముక్కలైతది."

ఫిల్మ్ ఏమైనా నాకు ఫరవాలేదు. ఆకు ముక్క దక్కాలి, అంతే. మూల నుంచి మెల్లగా లాగాను. ఫిల్మ్ వచ్చింది. ఆకు గమ్ముతో అద్దానికే ఉండిపోయింది. గోరు పెడితే పొడైంది.

"ఏమన్న పోయిందా?"

"ఏం లేదు చాచా, చెత్త."

"చెత్తకు మొఖం గింత చిన్నగ చేస్కుంటవా?"

అన్నకు ఫోన్ చేశాను. "అన్నా, ఆ ఆకు ముక్క పోయిందే."

"ఏ ఆకురా?"

"కారు అద్దంల... నువ్వే ఉండనీ అన్నవ్ గద."

"నేనా? యాదికి లేదురా. డ్యూటీల ఉన్న. ఫిల్మ్ మొత్తం వచ్చిందా?"

"వచ్చింది."

"మంచిగైంది." వీరుడు ఫోన్ పెట్టేశాడు.

నేను ఫోన్ జేబులో పెట్టుకునేలోగా చాచా ఆ పొడిని తడిగుడ్డతో తుడిచేశాడు. మిగిలిన గమ్ము గీకుదామని నేను బ్లేడు తీస్తే చేయి పట్టుకున్నాడు. వెనక అద్దానికి బ్లేడు పెట్టకూడదు. అద్దం మీద మసక పోగొట్టే సన్నటి వేడి తీగలు తెగిపోతాయి. పాత ఏటీఎం కార్డు వాడాలన్నాడు.