చాచిన చేయి

నెల్లూరులో పాత ఫోటోల ప్రదర్శన పెట్టారంటే వెళ్లాను. అన్నీ దొరల కాలంలో వీధుల్లో తీసినవి. పాలమ్మేవాళ్లు, గాజులమ్మేవాళ్లు, నీళ్లు మోసేవాళ్లు. ఒక ఫోటో దగ్గర ఆగిపోయాను. నెత్తిన చేపల గంపతో ఒకామె, ఒక చేత్తో గంప అంచు పట్టుకుని రెండో చేయి కెమెరా వైపు చాచింది. కింద ఇంగ్లీషులో, దొరను అడుక్కుంటున్న చేపలామె అని రాసి ఉంది.

నాకు ఒళ్లు మండింది. మా అమ్మ జువ్వలదిన్నె నుంచి చేపల గంప మోసి మమ్మల్ని పెంచింది. నిండు గంపను నెత్తి మీంచి ఒక్కరే దించుకోలేరు. అందుకే ఏ వాకిట్లో ఆగినా అమ్మ అచ్చం ఇలాగే చేయి చాచి పిలిచేది. ఆ ఇంట్లో ఎంత గొప్పవాళ్లున్నా లేచొచ్చి గంపకు ఒక చేయి వేయాల్సిందే. అది అడుక్కోవడం కాదు, పని చెప్పడం. ఈమె కూడా దొరకు పనే చెప్పింది, అదీ తల నిటారుగా పెట్టుకుని. ఆయనేమో కెమెరా వెనక నల్లగుడ్డలో తల దూర్చి ఫోటో తీసుకున్నాడు.

ఆ ఫోటోను ఫోన్‌లో తీసుకెళ్లి అమ్మకు చూపించాను. ఎవరో దొర తీసిన ఫోటో అని మాత్రం చెప్పాను, కింద ఏం రాశారో చెప్పలేదు. అమ్మ కళ్లద్దాలు సర్దుకుని ఆ చేతినే చూసింది.

"ఇంతకీ ఆ దొర గంప దించినాడా, లేదా?" అంది.

"ఏమోమా. ఫోటో తీసుకోని పోయుంటాడు."

"నేనైతే వాడి కెమెరా మీదనే దించేసుందును."