కుడివైపు గిటార్

ఆదివారం పొద్దున కరీంనగర్‌లో బస్సెక్కి గోదావరి ఒడ్డునున్న బొగ్గు గనుల ఊరికి పోవడం నాకు రెండేళ్లుగా అలవాటు. ఎవరో పిల్లను చూసుకున్నానని ఇంట్లోవాళ్లు అనుమానపడ్డారు. నిజం చెబితే ఇంకా పరేషాన్ అయ్యేవాళ్లు. మేం ముగ్గురు స్నేహితులం కూర్చుని ఒక విదేశీ రాక్ బ్యాండు ఆల్బమ్‌కు వారానికో పాట చొప్పున పోస్టుమార్టం చేస్తున్నాం. తొమ్మిది పాటలు. అయిపోతే మళ్లీ మొదటి నుంచి. ఇంగ్లిష్ మాటలు సగం అర్థమయ్యేవి కావు కాబట్టి సంగీతాన్నే పట్టుకుని వేలాడాం. ఆ బ్యాండు పేరునైతే ముగ్గురం మూడు రకాలుగా పలికేవాళ్లం.

కూర్చునేది గనిలో ఎలక్ట్రీషియన్‌గా చేసే మిత్రుడి క్వార్టర్‌లో. అక్కడ స్పీకర్ పెట్టి వినే వీలు లేదు. గోడ అవతల ఎవరో ఒకరు రాత్రి షిఫ్టు చేసి వచ్చి పడుకుని ఉంటారు. వాళ్ల నిద్ర చెడగొట్టినవాడికి ఆ క్వార్టర్ల లైనులో పుట్టగతులుండవు. అందుకని ఎవరి ఇయర్‌ఫోన్లలో వాళ్లు వారమంతా విని రావడం, ఆదివారం గొంతు తగ్గించి కొట్లాడుకోవడం. మూడోవాడికి మొబైల్ రిపేరు దుకాణం ఉంది. గిటార్ కూడా కొద్దిగా వాయిస్తాడు కాబట్టి అన్నీ తనకే తెలుసనుకుంటాడు. నాకు ఏదీ వాయించడం రాదు, అందుకే నేను వాడికంటే గట్టిగా వాదించేవాణ్ని.

అయితే ఎలక్ట్రీషియన్ ముందు మా ఇద్దరి వాదనలూ దిగదుడుపే. చిన్నప్పుడు చీము కారి అతని కుడి చెవి పూర్తిగా పోయింది. మిగిలింది ఎడమ చెవి ఒక్కటే. మేం ఎప్పుడూ అతని ఎడమ పక్కనే కూర్చునేవాళ్లం. మూడో పాట రాగమే ఎనిమిదో పాటలో వేషం మార్చుకుని నెమ్మదిగా వస్తుందని కనిపెట్టింది అతనే. ఒకచోట డ్రమ్ములు ఆగినప్పుడు, ఆ వాయించేవాడి కుర్చీ కిర్రుమనడం కూడా పట్టుకున్నాడు. నమ్మకుండా ఇంటికి పోయి విన్నాను. నిజంగానే ఉంది. 

ఐదో పాట మాత్రం అతని సొంతం. అతను బాపూ అని పిలిచే తండ్రి నిరుడు చనిపోయాడు. ఆస్పత్రిలో చివరి రోజుల్లో ఆయన కళ్లు మూసుకునే ఉండేవాడు. ఇతను పక్కన కూర్చుని ఏదో ఒకటి చెబుతూనే ఉండేవాడు. ఆయన నుంచి ఒక్క మాటా రాలేదు.

“గా గిటారు ఒక మాట అంటది, ఆగుతది. జవాబు కోసం సూస్తది. రాదు. అయిన మళ్ల అంటది. అచ్చం నా లెక్కనే” అనేవాడు. బాపు పోయినంక ఆ పాటే తనను నిలబెట్టిందనీ చెప్పాడు.

నిజానికి ఆ పాటలో రెండో గిటార్ ఒకటి మొదటిదాని ప్రతి మాటకూ బదులిస్తూనే ఉంటుంది. అది మా ఇద్దరికీ తెలుసు. ఆ బదులు అసలు జవాబే కాదని అతని భావమేమో అనుకున్నాం. ఎంత లోతు మనిషిరా అని బస్టాండు దాకా మురిసిపోతూ నడిచాం.

ఒకనాడు దుకాణం మిత్రుడు ఫోన్ చేశాడు.  “నా ఇయర్‌ఫోన్ల కుడి దిక్కు వైరు తెగింది రా. ఐదో పాట పెట్టిన. రెండో గిటారు లేదు. అసలుకే లేదు.”

అర్థం కావడానికి నాకు కొంతసేపు పట్టింది. రికార్డు చేసినవాళ్లు ఆ గిటార్‌ను మొత్తం కుడివైపే పెట్టారు. మా ఎలక్ట్రీషియన్ ఎడమది చెవిలో పెట్టుకుని, కుడిది మెడ మీద వేలాడేసుకోవడం రెండేళ్లుగా చూస్తూనే ఉన్నాం. కుర్చీ కిర్రు మీద గంటలు గంటలు మాట్లాడిన మేధావులం, మాకు ఇది తట్టలేదు. సగం ఆల్బమ్ విని మా ఇద్దరినీ ఓడించాడే అని ఆశ్చర్యపోయాను. వెంటనే భయం కూడా వేసింది. అతను పట్టుకుని నిలబడ్డది ఆ జవాబు రాని పాటనే. అందులో జవాబు ఉందని చెబితే ఆ ఆసరా మేమే లాగేసినట్టు కాదా?

“చెప్పద్దు రా” అన్నాను.

“ఆని పాట ఆనికి ఇనిపియ్యకుంట మనమే దాసుకుంటమా?” అన్నాడు వాడు. 

ఆ ఆదివారం చెప్పేశాం. “మజాక్ చేస్తున్నరా?” అని ఎలక్ట్రీషియన్ నవ్వాడు. రెండు వైపుల శబ్దాన్నీ కలిపి ఒకే చెవికి పంపే ఏర్పాటు ఫోన్ సెట్టింగుల్లో ఉంటుంది. దుకాణం మిత్రుడు అది ఆన్ చేసి, ఐదో పాట పెట్టి, ఫోన్ అతని చేతికిచ్చాడు.

మాకు పాట వినిపించడం లేదు, అతని ముఖం ఒక్కటే కనిపిస్తోంది. మొదట్లో వేలు ఎప్పటిలాగే మోకాలి మీద తాళం వేసింది. తర్వాత గాల్లోనే ఆగిపోయింది. అప్పుడే పుట్టిన బిడ్డను చేతుల్లో పెడితే చూసినట్టు మా వైపు చూశాడు. పాట అయ్యేదాకా అతన్నే చూస్తూ కూర్చున్నాం. ఒక మనిషి పాట వినడాన్ని అంత దగ్గర నుంచి నేనెన్నడూ చూడలేదు.

“జవాబిస్తుండు రా” అన్నాడు చివరికి. “ప్రతి మాటకు ఇస్తుండు. నేనే ఆ దిక్కున లేను.”

మేం తలూపాం. అంతలో అతని ముఖం మారిపోయింది. ఇయర్‌ఫోన్ తీసేసి, వంటింటి గడప దగ్గర చిక్కుడుకాయలు తుంచుతున్న తల్లిని అడిగాడు.

“అవ్వా, దవాఖానల బాపు మంచానికి నేను ఎటు దిక్కు కూసున్న? బాపు మెల్లగ ఏమన్న అన్నడేమో. నాకే ఇనవడలేదేమో.”

 చెప్పొద్దన్నది ఇందుకే కదా అని దుకాణం వాడి వైపు కోపంగా చూశాను.

ఆమె చేతిలో పని ఆపలేదు. “నీ మంచి చెవు ఆయన మొకం దిక్కు ఉండేటట్టు కుర్సీ నేనే ఏసిన బిడ్డా. దినాం ఏసిన.”

“మరి ఏమన్న అన్నడా?”

“ఏమనలే. నువ్వు మాట్లాడి మాట్లాడి కునుకు తీస్తే మాత్రం, కండ్లు తెరిసి నిన్నే సూస్తుండె.”