నక్క కాదని తేలేదాకా

నా పెళ్ళి నక్క దగ్గర ఆగిపోయింది. అడ్డుపడింది కులమో జాతకమో అయితే నలుగురూ కూర్చుని మాట్లాడుకునేవాళ్ళు. నక్కతో ఎవరు మాట్లాడతారు? పైగా మలేసియాలో నక్కలే లేవు. మా ఇంట్లో మూడు తరాలుగా ఎవరూ నక్కను కళ్ళతో చూసిన పాపాన పోలేదు.

నేను పుట్టి పెరిగింది క్లాంగ్‌లో, ఉద్యోగం సైబర్‌జయలో. అదే ఆఫీసులో పనిచేసే జపాన్ అమ్మాయిని చేసుకుంటానన్నప్పుడు అమ్మ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు ఆ పిల్ల కారం తింటుందా అని అడిగింది. మా అమ్మ భాషలో అది ఒప్పుకోవడమే. నాన్న మాత్రం తెలుక్ ఇంటాన్ ఊరి వైపు వేలు చూపించాడు. అక్కడ చిన్నాన్న ఇంట్లో మా మామ్మ, అంటే నాన్నను కన్న తల్లి, ఉంటుంది. ఎస్టేటులో రబ్బరు పాలు గీసి నలుగురు పిల్లల్ని పెంచిన మనిషి. మా ఇంట ఏ పెళ్ళికైనా మొదటి తాంబూలం ఆవిడ చేతి మీదుగానే వెళ్ళాలి. ఆవిడ కాదంటే నాన్న ముహూర్తం పెట్టించడు. వాళ్ళు రాని పెళ్ళి చేసుకునే ధైర్యం నాకు లేదు. బయటికి ఎంత మొండివాణ్ణో లోపల అంత పిరికివాణ్ణి.

అందుకని మామ్మను ముందే మెత్తబరుద్దామని ఒక ఆదివారం ఒంటరిగా వెళ్ళాను. జపాన్ అంటే ఆవిడకు తెలిసింది తన పెద్దవాళ్ళు చెప్పిన, జపాన్ సైన్యం ఈ దేశాన్ని ఆక్రమించిన యుద్ధకాలపు భయాలే. కానీ దెయ్యాల కథలంటే ప్రాణం. అక్కడా మనలాంటి కథలే ఉన్నాయని తెలిస్తే ఆ దేశం కాస్త దగ్గరవుతుందని నా తెలివితేటలు. కథలు కూడా ఆ అమ్మాయినే అడిగి నేర్చుకున్నాను.

మనకు నక్కంటే జిత్తులమారి. అక్కడ దాని హోదా వేరు. వరిపంటను కాచే దేవుడికి తెల్లనక్కలు బంట్లు, గుడి ముందు రెండువైపులా రాతి బొమ్మలై కూర్చుంటాయి. నూరేళ్ళు బతికిన నక్క నెత్తిన ఒక ఆకు పెట్టుకుని ఆడమనిషిగా మారగలదు. వయసుతోపాటు తోకలు కూడా పెరుగుతాయి, తొమ్మిదిదాకా. కొంటె నక్కలు బాటసారిని తిప్పిన దారిలోనే తిప్పుతాయి, గడ్డీ గాదమూ విందుభోజనంలా చూపించి తినిపిస్తాయి. అయితే మేలు చేసినవాణ్ణి మరిచిపోవు, ఇచ్చిన మాట తప్పవు. ఎండలో వాన పడితే నక్కల పెళ్ళి జరుగుతోందని వాళ్ళూ అంటారు. ఇక్కడ మామ్మ నన్ను ఆపి, నక్క పెళ్ళి మాట మనది కదా, వాళ్ళకెవరు చెప్పారని నిలదీసింది. నాకేం తెలుసు?

మామ్మ అంత శ్రద్ధగా వింటుంటే నాకు ఒళ్ళు తెలియలేదు. మనిషి రూపంలో ఉన్న నక్కను పోల్చుకోవడం ఎలా అని ఆవిడ నెమ్మదిగా అడిగింది. కుక్క పసిగట్టేస్తుందన్నాను. నూనెలో వేయించిన తౌహు, అదే సోయా పాలతో చేసిన ముక్క, కనిపిస్తే ఆగలేదన్నాను. ఏమరుపాటున ఉన్నప్పుడు నీళ్ళలో అసలు రూపు కనబడుతుందన్నాను. మొహం కొనదేలి ఉంటుందని కూడా, ఎవరూ అడక్కుండానే, చెప్పాను. మామ్మ ఆ అమ్మాయి ఫోటో ఇంకోసారి చూపించమంది, గడ్డం దగ్గర వేలు పెట్టి చాలాసేపు చూసింది. నేను నక్క తోక తొక్కాననుకుంటూ సంబరంగా కారెక్కాను.

రెండు వారాల తర్వాత పిల్లను వెంటబెట్టుకుని వెళ్ళాను. చిన్నాన్న ఇంటి ముందు కారు ఆపేసరికి పైన ఫెళ్ళుమని ఎండ, సన్నగా వాన. ఆ అమ్మాయి ఆకాశం వైపు చూపించి, మంచి శకునం అని సంతోషపడింది. చేతిలో డబ్బా ఉంది. తెల్లవారుజామునే లేచి మామ్మ కోసం చేసిన వంట. ఏమిటని అప్పుడడిగాను. వేయించిన తౌహు సంచుల్లో కూరిన అన్నం, నక్కల దేవుడికి ఇష్టమైనది, అంది. మామ్మకు నేను చెప్పిన గుర్తుల్లో అదొకటి.

చిన్నాన్న కుక్క ముసలిది. గేటు ముందు లారీ ఆగినా తల ఎత్తదు. ఆ రోజు మాత్రం లేచి నిలబడి గొంతు చించుకుంది. చిన్నప్పుడు కుక్క కరిచిన ఆ అమ్మాయి చెప్పులతో సహా వసారాలో సిమెంటు అరుగెక్కి, డబ్బా గుండెకు అదుముకుని నిలబడింది. గుమ్మంలో మామ్మ చేతులు కట్టుకుని అంతా గమనిస్తోంది.

ఇంటికొచ్చినవాళ్ళకు కాళ్ళు కడుక్కోవడానికి చెంబుతో నీళ్ళివ్వడం మా ఆనవాయితీ. మామ్మ ఆ రోజు చెంబు మానేసి పెద్ద ఇత్తడి పళ్ళెం నిండా నీళ్ళు పోసి తెచ్చింది. అరుగు దిగిన పిల్ల ముందు పెట్టి, తానూ వంగి నీళ్ళలోకి చూసింది. ఇదేదో మన పద్ధతి కాబోలనుకుని ఆ అమ్మాయి కూడా వంగింది. రెండు తలలూ పళ్ళెం మీద ఆనుకునేటంత దగ్గరగా వచ్చాయి. కాసేపు చూసి, ఇంకేం చేయాలో తోచక ఆ అమ్మాయి నీళ్ళకు చేతులు జోడించి దణ్ణం పెట్టింది. పిన్ని నవ్వాపుకోలేక లోపలికి పారిపోయింది.

నాకు నవ్వు రాలేదు. ఒళ్ళు మండింది. వంటింట్లో మామ్మను పట్టుకుని, అవి కథలు మామ్మా, ఆ పిల్లను అలా చూడొద్దు అన్నాను.

“కతలే. సుమ్మా సూస్తన్నాను లా,” అంది మామ్మ, పులుసు కలుపుతూ. ఊరికే అనడానికి ఆవిడ మాట సుమ్మా, ఇక్కడి తమిళం; లా ఇక్కడ అందరి మాటకూ ఉండే తోక.

భోజనాల దగ్గర మామ్మ మన పులుసూ వేపుడూ వడ్డించి, తౌహు డబ్బా కూడా కావాలనే పిల్ల ఎదురుగా జరిపింది. కంగారులో ఆ అమ్మాయి వరసగా నాలుగు తినేసింది. మామ్మ లెక్కపెట్టడం నేను చూశాను. నా పని అయిపోయిందనుకున్నాను. ముప్పై రెండేళ్ళ మగవాణ్ణి, మంచినీళ్ళ గ్లాసు చాటున కళ్ళు తుడుచుకున్నాను.

మామ్మకు ఇంగ్లీషు రాదు, ఆ అమ్మాయికి తెలుగు రాదు. ఇద్దరికీ వచ్చింది మలాయ్ ఒక్కటే, మామ్మది బజారుది, ఆ అమ్మాయిది పుస్తకాలది. చెయ్యి కడుక్కుని వచ్చి మామ్మ ఆ భాషలో సూటిగా అడిగేసింది, నువ్వు నక్కవా అని.

ఆ అమ్మాయి నవ్వలేదు. “చెప్పకూడదు మామ్మా. మా కథల్లో నక్క అని బయటపడిన కోడలు ఇల్లు వదిలి వెళ్ళిపోవాలి. నాకు వెళ్ళాలని లేదు.”

అయితే ఆ కథ చెప్పమంది మామ్మ. ఆ అమ్మాయి మాటలు వెతుక్కుంటూ చెప్పింది. ఒక నక్క మనిషై ఒక రైతును పెళ్ళాడింది. ఊడ్పులు ఊడ్చింది, బట్ట నేసింది, కొడుకును కంది. ఎవరికీ ఏ కీడూ చేయలేదు. ఒకనాడు ఇంటి కుక్క మీదపడితే బెదిరింది, తోక బయటపడింది. అందరూ చూశారు. పిల్లవాణ్ణి పడుకోబెట్టి అడవిలోకి వెళ్ళిపోయింది.

మామ్మ నావైపు తిరిగి తెలుగులో అడిగింది.

“ఆ ఇంట్లో ముసిల్ది ఎవుర్తీ నేదేటి?”

లేదన్నాను. కథలో మొగుడూ కొడుకూ కుక్కా, అంతే.

“అదీ సంగతి. నాను కోడలిగా వచ్చిన్రోజు వాన కొట్టి పాలగీత ఆగిపోనాది. నా పాదం మంచిది కాదన్నారు. నెల్లాళ్ళు ఎవులూ పలకరించనేదు. ఎల్లిపోదామనే మూట కట్టినాను. మా అత్త సూసి, మూట ఇప్పి, తన కంచంలో అన్నమెట్టినాది.”

డబ్బాలో మిగిలిన తౌహు సంచి ఒకటి తీసి నోట్లో వేసుకుంది. నెమ్మదిగా నమిలి, వసారాలో ఉన్న చిన్నాన్నను కేకేసింది.

“కుక్కని పెరట్లో కట్టీరా. నక్కయితే నక్క. ఈ ఇంట్లో నానున్నాను.”

మామ్మ ఏమందని ఆ అమ్మాయి నన్నడిగింది. నువ్వు వెళ్ళక్కర్లేదంది, అన్నాను.