రెండు గేర్‌బాక్సులు, ఒకే ఇంజిన్

గత నెల ఒక మంగళవారం మధ్యాహ్నం, ఐర్లండ్‌లోని లిమరిక్ ఆసుపత్రిలో నా భార్య చనిపోయింది. పొద్దున అరకప్పు టీ తాగింది. పదకొండింటికి డబ్లిన్ నుంచి అమ్మాయి ఫోన్ చేస్తే ఐదు నిమిషాలు మాట్లాడింది. తర్వాత నన్ను, "నది పెరిగిందా?" అని అడిగింది. లేదన్నాను. "పెరిగేలోపు ఇంటికెళ్తే చాలండీ. బండి బ్యాండ్లు ఇంకోసారి చూసుకోవాలి," అంది. రెండింటికి నిద్రపోయింది. మళ్లీ లేవలేదు. గుండె జబ్బు ఏడాదిగా ఉన్నదే.

ఆమె అడిగింది షానన్ నది సంగతి. మా ఇంటి వెనక పొలం ఒక ముసలి రైతుది. చలికాలంలో నది పొంగితే అతని గొర్రెలు పొలం మధ్య మిట్ట మీద చిక్కుకుంటాయి. వాటికి గడ్డి చేరవేయడానికి అతని దగ్గర రెండు పాత బండ్లున్నాయి. ఆరేసి చక్రాలు, తొట్టి లాంటి ఒళ్లు. నేల మీద నడుస్తాయి, నీళ్లలో తేలతాయి. స్టీరింగ్ ఉండదు, రెండు లివర్లే. రెండూ మా వయసువే. పనిచేసే ఇంజిన్ మాత్రం ఒక్కటే. దాన్ని ఏ బండిలో ఉంచాలో తేల్చే పని ఆమెకు అప్పగించాడు.

ఊళ్లో టెక్ కంపెనీలు వరసగా తెరుచుకుంటున్న రోజుల్లో నా ఉద్యోగం కోసం ఇక్కడికి వచ్చాం. ఆమె మెకానికల్ ఇంజినీరు. రెండేళ్లు పని దొరకలేదు. ఒకరోజు రైతు బండి చప్పుడు విని, కంచె ఇవతల నిలబడే, "చైను వదులైంది," అని చెప్పింది. మర్నాటి నుంచి ఆ షెడ్డులో ఆమెకొక పానా ఉండేది. తర్వాత ఉద్యోగం వచ్చినా శనివారాలు అక్కడే.

ఒక బండిది బ్యాండ్ల ట్రాన్స్‌మిషన్. రెండు వైపుల చక్రాలకూ బలం సమంగా అందుతుంది. లివర్ లాగిన వైపు చక్రాలు ఆగుతాయి, బండి అటు తిరుగుతుంది. బురదలో దానికి తిరుగులేదు. కానీ బ్యాండ్లు, అంటే లోపల బిగిసి పట్టే ఉక్కు పట్టీలు, అరిగి వదులవుతాయి. చేతి అంచనాతో తరచూ బిగించాలి. రెండోది డిఫరెన్షియల్. లివర్ లాగిన వైపు బ్రేకు పడి, అవతలి వైపు వేగం పెరుగుతుంది. మలుపు మెత్తగా ఉంటుంది. బురదలో ఒక వైపు జారితే మాత్రం బలమంతా అటే పోతుంది. ఆ వైపు లివర్ కాస్త పట్టి ఉంచాలి. బిగించే పని దాదాపు లేదు.

ఆమె ఒకే ఇంజిన్‌ను రెండు బండ్లకూ మార్చి మార్చి నడిపింది. "ఇంజిన్ ఒకటే కాకపోతే అది పోలికే కాదండీ," అనేది. నాకు రెండూ ఒకేలా ఉన్నాయని ఒకసారి అన్నాను.

"ఆటోమేటిక్ లైసెన్సు మనిషికి అన్నీ ఒకేలా ఉంటాయి లెండి."

నేను డ్రైవింగ్ టెస్టు ఆటోమేటిక్ కారులో పాసయ్యాను. ఆ లైసెన్సుతో గేర్ల కారు నడపకూడదు. ఆమె గేర్ల కారులోనే పాసైంది. ఆ ఎత్తిపొడుపు చివరిదాకా వదల్లేదు.

ఆమె తీర్పు బ్యాండ్ల బండికే. ఇంజిన్ అందులో బిగించాకే ఆసుపత్రికి వెళ్లింది.

నిన్న నది పెరగడం మొదలైంది. రైతు వచ్చాడు. ఇక్కడివాళ్లు ఇంటావిడను 'హెర్‌సెల్ఫ్' అంటారు, బాగుందనడానికి 'గ్రాండ్' అంటారు.

"హెర్‌సెల్ఫ్ చెప్పిందే ఉంచేద్దాం. గ్రాండ్‌గా ఉంటుంది," అన్నాడు.

ఆమె తీర్పు తప్పు కాదు. కానీ బ్యాండ్లు ఎవరు బిగించాలో అందులో ఆమె చెప్పలేదు. బిగించేది తనే కాబట్టి చెప్పాలని తోచి ఉండదు. మిట్టకు సగం దారిలో బ్యాండు జారితే నీళ్లలో ఉండేది ఈ ముసలాయన.

"డిఫరెన్షియల్ పెడదాం," అన్నాను.

"ఆవిడ మాట కాదంటావా?"

"అది ఆవిడ ఉన్నప్పటి మాట. ఇప్పుడు బ్యాండ్లు బిగించేదెవరు? మీరా?"

వంకర్లు తిరిగిన తన వేళ్లు చూసుకున్నాడు. "నువ్వో?"

"నాది ఆటోమేటిక్ లైసెన్సు."

ఇద్దరం నవ్వాం. ఆమె పోయాక నేను నవ్వడం అదే మొదలు.

ఈ నిర్ణయం సరైనదే. ఆమె ఉంటే రెండు రోజులు మూతి ముడుచుకుని, మూడో రోజు ఒప్పుకునేది.

ఇంజిన్ మార్చడం ఆమె పక్కన నిలబడి చేశాను. అది వచ్చు. రేపు పొద్దున ఎనిమిదింటికి షెడ్డుకు వెళతాను. ముందు, ఆమె చివరిసారి ఆ బ్యాండ్లు ఎంత బిగించిందో కొలిచి రాసుకుంటాను. తర్వాతే వాటిని వదులు చేసి, ఇంజిన్ తీస్తాను.