సైరన్‌కు లొంగని ఒన్స్ మోర్

ఒక్క నాటకంతో తోట మొత్తాన్ని పోలీసు లారీ ఎక్కించబోయిన ఘనుణ్ణి నేను. నవ్వదలచినవాళ్లు ఇప్పుడే మొదలుపెట్టండి, తరవాత ఊపిరి అందదు.

మెర్డెకా, అంటే మలయా స్వాతంత్ర్యం, రాబోతున్న రోజులు. బటాంగ్ బెర్జుంటై దగ్గర మా రబ్బరు తోటను మాత్రం, అడవుల్లోని కమ్యూనిస్టు గెరిల్లాల మీద తెల్లవాళ్ల సర్కారు పెట్టిన ఎమర్జెన్సీ ఇంకా వదల్లేదు. కూలి లైన్ల చుట్టూ, అంటే మా ఇళ్ల వరసల చుట్టూ, ముళ్లకంచె. సాయంత్రం సైరన్ కూస్తే అందరూ లోపల, గేటుకు తాళం. అప్పుడే దక్షిణాది భాషల కొత్త నాటకాల పండగ పెట్టారు. తోటల్లో రాసేవాళ్లు ముందు తమవాళ్ల మధ్య ఆడి చూపించాలి. ఆఫీసు గుమాస్తా, మేం కిరాణి అంటాం, తప్పొప్పులు చెప్పి, చివరిదాకా ఆడినవాటిని మెర్డెకా వేడుకకు పట్నం పంపుతాడు. తమిళ నాటకాలు అప్పటికే నెగ్గాయి. "మీ తెలుగోళ్లది పాట కచేరీ తంబీ, నాటకం ఎక్కడ?" అన్నాడు కిరాణి. నాకు మండింది.

రబ్బరు పాలు తూస్తూ లెక్కలు నేర్చుకున్నవాణ్ణి నేను. నాటకం రాసి, గడియారం ఎదురుగా పెట్టుకుని ఒక్కణ్ణే గట్టిగా చదివి, సైరన్‌కు పావుగంట ముందే ముగుస్తుందని తేల్చాను. కథ చిన్నది. ముసలి కూలీని "పని అయిపోయింది, నీ దేశం పో" అంటాడు దొర. పోనంటూ ముసలాడు పద్యం పాడి ప్రాణం వదులుతాడు. అప్పుడు కూతురు గుమ్మంలో నిలబడి, "ఇదే మా ఊరు, మేం కదలం" అంటుంది. నాటకమంతా ఆ ఒక్క మాట కోసమే.

ముసలాడు మా అప్పలసామి మావ. కూతురు వేషం ఆయన కూతురు నూకాలుది.

కంచె బయట మైదానంలో ఆట. మావ పద్యం పాడి చచ్చాడు. "ఒన్స్ మోర్!" అన్నారు జనం. మావ లేచి కూర్చున్నాడు. తెలుగు నాటకంలో ఒక చావుతో సరిపోదని నా గడియారానికి ఎవరు చెప్పారు గనక! మళ్లీ పాడాడు, మళ్లీ చచ్చాడు. మళ్లీ "ఒన్స్ మోర్!"

"మావా, సచ్చిపో! టైము లేదు!" అన్నాను తెర చాటునుంచి.

శవం కళ్లు తెరిచింది. "జనం అడిగితే కాదంటే నేనేటి ఆటగాణ్ణిరా?"

"ఆడు మల్లీ లేసి పాడితే నీకేటి నట్టం?" అంది ముందు వరసలోంచి సూరమ్మత్త.

కందకు లేని దురద కత్తిపీటకెందుకంటారు. శవానికి లేని తొందర రచయితకెందుకని ఆ రోజు నన్నెవరూ అడగలేదు.

సైరన్ కూసింది. చివరి రంగం ఆడకుండానే అందరం లోపలికి పరుగెత్తాం. గేటు పడింది. కిరాణి ఇల్లు కంచె బయట. ముళ్లతీగల అవతలనుంచి తల అడ్డంగా ఊపాడు. "నాటకం ముడియల తంబీ. ముగియంది పట్నం పోదు."

"ఉండండి లా, ఇంకా ఉంది!" అంది నూకాలు, మాట చివర ఇక్కడివాళ్ల 'లా' తగిలించి, కంచె దగ్గరే ఆగిపోయి. మావ అక్కడే నేలమీద పడి చచ్చాడు, ఈసారి ఎవరూ అడక్కుండానే.

కాపలా సార్జెంటు తుపాకితో ఉరికొచ్చి, ఇళ్లలోకి పోకపోతే అందరినీ లారీ ఎక్కిస్తానని మలయ్‌లో అరిచాడు. నూకాలు అతని ముఖంలోకే చూసింది. "ఇదే మా ఊరు. మేం కదలం!"

"ఏమంటోంది?" అని కంచె అవతలి కిరాణిని గద్దించాడు సార్జెంటు.

కిరాణికి ముచ్చెమటలు పోశాయి. "పడుకోడానికి పోతున్నాం, సలాం... అంటోంది."

తుపాకి దిగింది. సరిగ్గా అప్పుడే మా జనం, "ఒన్స్ మోర్!" అని గర్జించారు.

ఆ ఇంగ్లీషు ముక్క సార్జెంటుకు తెలుసు. సలాం మళ్లీ చెప్పమంటున్న మర్యాదగల జనమని మురిసిపోయాడు. "ఓకే, ఒన్స్ మోర్ లా!"

పోలీసు అనుమతితో నూకాలు మరోసారి కదలనంది.

కిరాణి నాటకాన్ని పట్నం పంపాడు. దిద్దుబాటు ఒకటే చెప్పాడు: చివరి రంగంలో కంచె, సార్జెంటు ఉండాలి.

"మీ సలాం కూడా పెట్టమంటారా?" అన్నాను.

ఆ నూకాలు ఇప్పుడు నా భార్య. "మీ దేశం ఎప్పుడు పోతారు?" అని ఇవాళ్టికీ ఎవడో ఒకడు అడుగుతాడు. జవాబు ఆవిడ చెబుతుంది. ఒన్స్ మోర్ అనడం నా వంతు.

కాబట్టి పాలు తూచిన త్రాసు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఈ జన్మలో మళ్లీ ఏ నాటకానికీ నిడివి లెక్క కట్టను. "మేం కదలం" అన్న ఆ మాట దగ్గర మాత్రం, సైరన్ కూసినా సరే, ఎవరినీ ఆగమనను.