మాటల వైరు

మా బాపు గని పని నుంచి రిటైరైన మరుసటి ఏడాది మా ఆయన దుబాయ్ నుంచి వస్తూ హోం థియేటర్ రిసీవర్, స్పీకర్లు తెచ్చాడు. కరీంనగర్‌లో మేముండే అద్దె ఇంట్లో వాటికి చోటు లేదు. "మామకిద్దాం, ఒగ్గుకథలు చూసుకుంటడు" అన్నాడు. డోలు కొడుతూ చెప్పే ఒగ్గుకథంటే బాపుకు ప్రాణం. మెట్‌పల్లికి పోయినప్పుడల్లా ఆ డిస్కులు కొనుక్కొచ్చేవాడు.

అమ్మను మేం అవ్వ అనే పిలుస్తాం. అవ్వ, బాపు బొగ్గుగనుల కాలనీ పక్కన కట్టుకున్న రెండు గదుల ఇంట్లో ఉంటారు. ఆదివారం పోయి నేనే కనెక్షన్ ఇచ్చాను. పాత డిస్క్ ప్లేయర్ నుంచి పసుపు వైరు టీవీకి, ఎరుపు, తెలుపు వైర్లు రిసీవర్‌కు. బొమ్మ వచ్చింది కానీ సౌండ్ రాలేదు. చూస్తే రిసీవర్ రేడియో మీద ఉంది. డీవీడీకి మార్చగానే కథ చెప్పేవాళ్ల గొంతు గదంతా నిండింది. వంటింట్లోంచి అవ్వ కూడా వచ్చి నిలబడింది.

బాపు మాత్రం నా వైపే చూస్తున్నాడు.

"ఏమాయె బిడ్డా, ఇంక వస్తలేదా?"

సౌండ్ బాగా పెంచాను. పక్కింటాయన గోడ అవతలి నుంచి, "అక్కా, జర తక్కువ చెయ్యరాదు" అన్నాడు. బాపు అటు తిరగను కూడా తిరగలేదు.

"డోలు ఇనవడుతుంది. మాటనే ఇనవడ్తలేదు. మాటల వైరు ఊడినట్టుంది, జర సూడు."

అవ్వ తల వంచుకుంది. నేను రిసీవర్ వెనక్కి వంగి రెండు వైర్లూ పీకి మళ్లీ పెట్టాను. వాటిలో ఏ లోపమూ లేదని తెలుసు. లేచి బాపు మొహం చూడాలంటే భయమేసి చాలాసేపు అక్కడే కూర్చున్నాను.

వంటింట్లో అవ్వ చెప్పింది. "చానా దినాలైంది. మాట్లాడేటోల్ల మొకం సూత్తె గని మాట తెలువది ఆయనకు. ఎనుకకెల్లి పిలిస్తె పలుకడు. నీకు చెప్పొద్దన్నడు."

కరీంనగర్‌లో డాక్టర్‌కు చూపించాం. ఏళ్ల తరబడి గనిలో డ్రిల్లు పట్టి పనిచేయడం వల్ల చెవి లోపలి నరం దెబ్బతిన్నదనీ, పోయింది తిరిగి రాదనీ, మిషన్ పెట్టుకుంటే కొంత నయమనీ అన్నాడు. ఆస్పత్రి వరండాలో బాపు చెవి దగ్గర నోరు పెట్టి ఆ సంగతి గట్టిగా చెప్పాను. చుట్టూ కూర్చున్నవాళ్లంతా మా వైపు చూశారు.

బాపు, "గా డోలన్న ఉంటదా, అది గూడ పోతదా?" అని అడిగాడు.

అది నేను డాక్టర్‌ను అడగలేదు. "ఉంటది" అన్నాను.

చెవి మిషన్ కీచుమంటోందని కొన్నాళ్లకే తీసి బీరువాలో పెట్టేశాడు. బాపుతో ఫోన్‌లో మాట్లాడటం ఇప్పుడు నాకు కుదరదు. అవ్వకే చేస్తాను. "బాపు ఏం జేస్తుండు?" అంటే, "కూసున్నడు" అంటుంది.